తాత్కాలిక మైల, శాశ్వత మైల: రక్తదాతల ఎంపిక నియమాలపై ఒక విమర్శ

1

ఏప్రిల్ 14 వస్తే పల్లెల్లో, హాస్టళ్లలో మనం చేసే పనులు అందరికీ తెలిసినవే. విగ్రహానికి దండ, నీలి జెండా, ఊరేగింపు, సాయంత్రం సభ. వీటితోబాటు రక్తదాన శిబిరం కూడా ఒక ఆనవాయితీ అయింది. మేమూ మా ఊళ్లో కొన్నేళ్లుగా పెడుతున్నాం. అందులో మాకొక పట్టుదల ఉంది. ఏ మనిషి తాకితే నీళ్లు మైలపడతాయన్నారో ఆ మనిషి రక్తం రేపు ఎవరి ఒంట్లోకి పోతుందో ఎవరికీ తెలియదు. ప్యాకెట్టు మీద గ్రూపు రాసి ఉంటుంది గాని కులం రాసి ఉండదు. మనువు గీసిన గీతల్ని చెరపడానికి ఇంతకన్నా సులువైన దారి ఏముందని సభల్లో చెప్తూ వచ్చాం.

ఒక ఏడాది అదే శిబిరంలో జరిగిన రెండు సంగతులు మా ఉపన్యాసాన్ని మా మీదికే తిప్పాయి.

మొదటిది. వారం రోజులు ముందునుంచే గోడలకు పోస్టర్లు అంటించి, బజార్లో చందాలు వసూలు చేసి, ఆ పొద్దున కుర్చీలు కూడా దగ్గరుండి వేయించిన హిజ్రా అక్క వరుసలో నిలబడింది. రక్తనిధి నుంచి వచ్చిన డాక్టరుగారు ఫారం చూడలేదు, మనిషిని చూశారు. "మీది తీసుకోకూడదమ్మా, రూల్స్ ఒప్పుకోవు" అన్నారు. "పరీక్ష చేసి చూడండి సార్. మొన్ననే చేయించుకున్నా, ఏమీ లేదన్నారు" అంది అక్క. "పరీక్ష సంగతి కాదమ్మా" అన్నారాయన. గొంతు పెంచలేదు, అవమానించాలనీ అనుకోలేదు. ఆ సంగతి మాకు తెలుసు. అందుకే ఆ మాట మమ్మల్ని వదల్లేదు. పరీక్ష సంగతి కాకపోతే మరి ఏ సంగతి?

రెండోది. మున్సిపాలిటీలో ఊడ్చే ముగ్గురు ఆడవాళ్లు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. వేలికొన నుంచి బొట్టు తీసి మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లలో వేస్తారు. బొట్టు మునిగితే రక్తం చాలినంత ఉన్నట్టు, తేలితే చాలనట్టు. ముగ్గురి బొట్టూ తేలింది. "ఏందబ్బాయ్, మా రగతం నీళ్లకంటే పలచనా?" అని వాళ్లలో పెద్దామె నవ్వింది. వాళ్లకు చీటీ ఇవ్వలేదు, మాత్ర ఇవ్వలేదు, ఎక్కడికెళ్లి చూపించుకోవాలో చెప్పలేదు. రక్తం ఇచ్చినవాళ్ల కోసం తెచ్చిన బిస్కెట్లు కూడా వాళ్లదాకా రాలేదు.

వెనక్కి పంపింది రక్తనిధివాళ్లే. కానీ పంపింది మా బ్యానరు కింద, బాబాసాహెబ్ ఫొటో ముందు. ఈ వ్యాసం అందుకు సంజాయిషీ కాదు. ఆ రూల్స్‌లో ఏముందో చదివి, దాన్ని విమర్శకు పెట్టే ప్రయత్నం.

2

మా వంశంలో ఫారాలు చదవగలిగిన మొదటి తరం మాదే. మా తాతలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏం రాసుందో వాళ్లకు తెలియదు. తెలిసేసరికి ఉన్న అరెకరం పోయింది. అందుకేనేమో, ప్రభుత్వ కాగితం ఏది దొరికినా కావ్యం చదివినట్టు రెండుసార్లు చదవడం మాకు అలవాటైంది.

డాక్టరుగారు చెప్పిన రూల్స్ 2017 అక్టోబరులో జాతీయ రక్తమార్పిడి మండలి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు. రక్తదాతల ఎంపిక గురించీ, దాతల రిఫరల్ గురించీ అని దాని పేరులోనే ఉంది. దాత వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములైనా ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ తర్వాత ఎవరి దగ్గర తీసుకోకూడదో చెప్పే పెద్ద పట్టిక వస్తుంది. అందులో నిషేధాలు రెండు రకాలు. కొంతకాలం ఆగమనేది ఒకటి, ఎప్పటికీ రావద్దనేది ఇంకొకటి.

కొంతకాలం ఆగాల్సినవాళ్లు ఎవరు? ముట్టులో ఉన్న స్త్రీ ఆ నాలుగు రోజులు. పురుడైన స్త్రీ 12 నెలలు. గర్భం పోయిన స్త్రీ 6 నెలలు. మలేరియా వచ్చినవాళ్లు తగ్గాక 3 నెలలు. పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు 12 నెలలు. ఎప్పటికీ రాకూడనివాళ్లు ఎవరు? హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు, క్యాన్సర్ వచ్చినవాళ్లు, మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లు, ఇలా ఒక వరుస. ఆ వరుసలోనే ట్రాన్స్‌జెండర్లు, పురుషులతో లైంగిక సంబంధమున్న పురుషులు, సెక్స్‌వర్కర్ స్త్రీలు.

ముట్టు, పురుడు అనే మాటలు చదవగానే మన చెవికి తగిలే జ్ఞాపకం ఒకటుంది. వైద్యం వేరు, మైల వేరు అని మాకు తెలియక కాదు. బాలింత రక్తం తీయకపోవడం ఆమె మేలుకే. అయినా ఈ రెండు జాబితాల అమరిక చూస్తే అంబేడ్కర్ 1948లో అచ్చువేసిన 'ది అన్‌టచబుల్స్' గుర్తురాక మానదు. అంటు అనే భావన ఒక్క హిందువుల్లోనే లేదని ఆయన ఆ పుస్తకం మొదట్లోనే ఒప్పుకుంటాడు. పుట్టుక, చావు, ముట్టు వంటివి మనిషిని మైలపరుస్తాయనే నమ్మకం ప్రాచీన సమాజాల్లో చాలాచోట్ల ఉంది. కానీ ఆ మైలకు గడువుంది, గడువు తీరగానే మనిషి మళ్లీ మనుషుల్లోకి వస్తాడు. గడువు లేని మైల, స్నానంతోనో కాలంతోనో పోని మైల, కొందరికి పుట్టుకతోనే అంటగట్టిన మైల హిందూ సమాజం కనిపెట్టింది. అంటరానితనానికి అసలు గుర్తు మైల కాదు, దాని శాశ్వతత్వం. బాబాసాహెబ్ వాదంలోంచి మేము తీసుకున్న పాఠం ఇది.

ఈ పాఠంతో ఆ పట్టికను మళ్లీ చదవండి. శాశ్వత జాబితాలో దాదాపు అందరూ ఉన్న రోగానికో వచ్చిన రోగానికో అక్కడున్నారు. వీళ్లు మాత్రం రావచ్చునన్న రోగానికి అక్కడున్నారు. పైగా వాళ్లను పేర్కొన్న వాక్యంలో రెండు రకాల మాటలు కలిసిపోయాయి. సూదులతో మత్తుమందు ఎక్కించుకోవడం ఒక పని. అనేకమందితో లైంగిక సంబంధం పెట్టుకోవడం ఒక పని. ట్రాన్స్‌జెండర్ కావడం ఏ పని? అది చేసేది కాదు, ఉండేది. ఒంటరిగా బతికే ట్రాన్స్ స్త్రీకీ, ఒకే తోడుతో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్న ట్రాన్స్ పురుషుడికీ కూడా జవాబు ఒకటే. పరీక్ష సంగతి కాదమ్మా.

ఆ వాక్యం చివర ఇంకో తోక ఉంది. ప్రమాదం ఉందని వైద్యాధికారి భావించిన వారెవరైనా సరే అని. వైద్యుడికి విచక్షణ ఉండాల్సిందే. కానీ పది నిమిషాల శిబిరంలో ఆ విచక్షణ దేన్ని చూస్తుంది? చీరను చూస్తుంది, గొంతు వింటుంది, పేట పేరు చూస్తుంది. ఈ చూపు ఎలా పనిచేస్తుందో మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

సెక్స్‌వర్కర్ స్త్రీ అనే మాట దగ్గర కూడా ఆగాలి. తెలుగు నేల మీద ఆ మాట వెనక కులం ఉంది. జోగిని, మాతమ్మ, బసివి పేర్లతో దేవుడికిచ్చి ఊరి మీదికి వదిలిన ఆడపిల్లల్లో అత్యధికులు మాల మాదిగ ఇళ్లవాళ్లే. దీన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం కూడా వచ్చింది. ఆమె దగ్గరికి పోయిన దొరకు ఈ పట్టికలో పేరు లేదు. ఫారంలో అనేకమందితో సంబంధాలున్నాయా అన్నచోట 'లేదు' అని గీత పెడితే ఆయన రక్తం ప్యాకెట్లోకి పోతుంది. ఆమె మాత్రం ఆ బతుకు మానేసి పదేళ్లయినా శాశ్వత జాబితాలోనే ఉండాల్సిందేనా? ఒకే సంబంధంలోని ఇద్దరిలో ఒకరిది గుర్తింపు, ఇంకొకరిది వ్యక్తిగత విషయం. ఊళ్లో నడిచిన న్యాయమూ ఇదే గదా!

3

ఇక్కడ అవతలి వాదాన్ని నిజాయితీగా వినాలి. వినకుండా కొట్టిపారేస్తే నష్టపోయేది కూడా మనవాళ్లే. ప్రభుత్వాసుపత్రిలో రక్తం ఎక్కించుకునేది ఎక్కువగా పేదవాళ్లు. ప్రసవంలో రక్తం పోయిన తల్లులు, నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలు. 2016లో సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం 17 నెలల్లో 2,234 మంది రక్తం ఎక్కించుకోవడం వల్లనే తమకు హెచ్.ఐ.వి. వచ్చిందని పరీక్షా కేంద్రాల్లో చెప్పుకున్నారు. అది వాళ్లు చెప్పుకున్న కారణమే అయినా, ప్రమాదం ఊహ కాదు.

ఈ నియమాలను సవాలు చేస్తూ మణిపూర్‌కు చెందిన ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి సాంతా ఖురై సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021లో కోర్టు నోటీసులిచ్చింది గాని నియమాలపై స్టే ఇవ్వలేదు. 2023లో కేంద్రం వేసిన అఫిడవిట్‌లో రెండు మాటలున్నాయి. ఈ సమూహాల్లో హెచ్.ఐ.వి. ప్రమాదం మామూలు జనాభాకన్నా 6 నుంచి 13 రెట్లు ఎక్కువన్నది ఒకటి. దాత ఇచ్చే హక్కుకన్నా రోగి మంచి రక్తం పొందే హక్కు పెద్దదన్నది రెండోది. 2025 మేలో కోర్టు, భద్రత తగ్గకుండా వివక్ష పోయే దారేమైనా ఉందేమో నిపుణులను అడిగి చెప్పమని కేంద్రానికి సూచించింది.

రెండో మాటతో మాకు తగువు లేదు. రక్తం ఇవ్వడం ఎవరి హక్కూ కాదు. రోగి ప్రాణమే ముఖ్యం. మా ప్రశ్న మొదటి మాట మీద. సమూహం మొత్తం మీద ప్రమాదం ఎక్కువన్నది నిజమే. 2021 జాతీయ నిఘా సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో హెచ్.ఐ.వి. 3.78 శాతం. ఇదే లెక్కను తిప్పి చదివితే నూటికి 96 మందికి ఆ వైరస్ లేదు. ఆ 96 మందిని జీవితాంతం ఆపి, మిగతా జనంలో ప్రమాదకరంగా ప్రవర్తించినవాణ్ణి అతని మాట మీద వదిలేస్తే రోగికి దక్కిన రక్షణ ఎంత?

అసలు పరీక్ష ఎలా పనిచేస్తుందో చూద్దాం. సేకరించిన ప్రతి ప్యాకెట్టునూ హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా కోసం పరీక్షించాలి. వచ్చిన చిక్కల్లా వైరస్ ఒంట్లో చేరిన తొలి రోజులతోనే. అప్పుడు పరీక్షకు అది దొరకదు. యాంటీబాడీలను వెతికే పరీక్షకు దొరకడానికి సుమారు మూడు వారాలు, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్షకు సుమారు పది పన్నెండు రోజులు పడుతుంది. అంటే ప్రమాదానికి ఒక గడువుంది. అది రోజుల్లో, వారాల్లో లెక్కపెట్టగలిగింది. రోగానికి గడువు వారాలైతే మనిషికి వేసిన శిక్ష జీవితాంతం ఎందుకైంది? 2017లో ఈ జాబితా రాసినవాళ్లు న్యాట్ పరీక్షను దేశంలోని ప్రతి రక్తనిధికీ తప్పనిసరి చెయ్యలేదు. యంత్రానికి ఖర్చవుతుంది. మనుషుల్ని వెలివేయడానికి ఖర్చు లేదు.

పరీక్షకు దొరకని ఆ కొద్ది రోజుల్లో రోగికి ఉన్న ఆధారం దాత చెప్పే నిజం. ఇంగ్లండులో రిచర్డ్ టిట్మస్ 1970లో రాసిన 'ది గిఫ్ట్ రిలేషన్‌షిప్' పుస్తకంలో ఈ సంగతే వాదించాడు. రక్తం అమ్ముకునేవాడికి నిజం దాచే అవసరం ఉంటుంది, ఊరికే ఇచ్చేవాడికి ఉండదు. మన దగ్గర కూడా రక్తం అమ్ముకుని పొట్టపోసుకున్న పేదలుండేవాళ్లు. కామన్ కాజ్ కేసులో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల 1998 నుంచి ఆ అమ్మకం నిషేధమైంది. అది మంచి తీర్పు. కానీ టిట్మస్ తర్కాన్ని కొంచెం ముందుకు తీసుకెళ్లండి. నువ్వెవరో చెప్తే జీవితాంతం బయటే అన్న నియమం కూడా నిజం దాచమనే నేర్పుతుంది. వార్డులో తల్లి పడుకుని ఉండి, "ఒకర్ని తెచ్చి రక్తం ఇప్పిస్తేనే రక్తం" అని నర్సమ్మ అంటుంటే, కొడుకు తన సంగతి ఫారంలో రాస్తాడా? నిజం మీద నిలబడాల్సిన భద్రతను అబద్ధం మీద నిలబెడుతోంది ఈ నియమం.

4

ఈ ముడిని ఇతర దేశాలు ఎలా వేసుకున్నాయో, ఎలా విప్పుకున్నాయో చూడటం మనకు అవసరం. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెడ్‌క్రాస్ నల్లవాళ్ల రక్తాన్ని మొదట వద్దన్నది. 1942లో తీసుకోవడం మొదలుపెట్టి, తెల్లవాళ్ల రక్తంతో కలవకుండా విడిగా ఉంచింది. 1950 దాకా ఆ పద్ధతి నడిచింది. ఆ కార్యక్రమం తొలినాళ్లలో దాన్ని నడిపిన శాస్త్రజ్ఞుల్లో ముఖ్యుడు చార్లెస్ డ్రూ నల్లజాతి వైద్యుడు. రక్తాన్ని రంగును బట్టి వేరుచేయడానికి శాస్త్రంలో ఆధారం లేదని ఆయన చెప్పినా వినలేదు. మళ్లీ 1990లో ఎయిడ్స్ పేరుతో హైతీ దేశస్థులందరి రక్తం వద్దని ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఏప్రిల్‌లో వేలాదిమంది హైతీయులు న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన దాటి ఊరేగారు. ఆ ఏడాది చివరికల్లా నిషేధం తీసేయాల్సి వచ్చింది. ఒక దేశంలో పుట్టడం రోగలక్షణం కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

పురుషులతో సంబంధమున్న పురుషుల విషయంలో ఇదే ఒప్పుకోలు ఇంకా ఆలస్యంగా జరిగింది. బ్రిటన్ 2021లో, కెనడా 2022లో, అమెరికా 2023లో పద్ధతి మార్చాయి. నువ్వు ఎవరు అని అడగడం మానేసి, గత మూడు నెలల్లో కొత్త వ్యక్తితోనో ఒకరికన్నా ఎక్కువమందితోనో ప్రమాదకరమైన సంబంధం ఉందా అని దాతలందర్నీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాయి. అవునన్నవాళ్లు ఎవరైనా సరే ఆగుతారు. గడువు తీరాక వస్తారు. శాశ్వత మైల తాత్కాలికం అయింది, జాతి ప్రశ్న పని ప్రశ్న అయింది. మన నిపుణులు చెయ్యాల్సింది ఇంతకన్నా పెద్ద పనేం కాదు. మన దేశ పరిస్థితులకు ఎన్ని నెలల గడువు కావాలో శాస్త్రం తేల్చనివ్వండి. మూడు కాదు ఆరు అన్నా మేము అభ్యంతరం చెప్పం. గడువు అంటూ ఒకటుండాలి, అది అందరికీ ఒకటే కావాలి.

5

నీలం నీళ్లలో తేలిన బొట్ల సంగతి మిగిలింది. 12.5 గ్రాముల నియమం న్యాయమైంది. రక్తం తక్కువున్న మనిషి దగ్గర ఇంకా తీయకూడదు. కానీ ఈ న్యాయమైన నియమం దేశాన్ని ఎలా చీలుస్తుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. మగవాళ్లలో 25 శాతం. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8, తెలంగాణ స్త్రీలలో 57.6. దళిత, ఆదివాసీ స్త్రీలలో సగటుకన్నా ఎక్కువ. గర్భిణి కాని స్త్రీకి సర్వే గీసిన గీత 12 గ్రాములు. అంటే 12.2 ఉన్న స్త్రీ రక్తహీనత లెక్కలోకి రాదు, దాతల లెక్కలోకీ రాదు.

శ్రమ చేసేవాళ్లు రక్తం ఇచ్చాక మళ్లీ పనిలోకి దిగేముందు కనీసం 24 గంటలు ఆగాలని కూడా మార్గదర్శకాల్లో ఉంది. అదీ మంచి మాటే. అయితే ఊడ్చే మనిషికి ఆ రోజు కూలి ఎవరిస్తారు? నియమం రాసినవాళ్ల కళ్లముందు జీతంతో సెలవు దొరికే దాతే ఉన్నట్టున్నాడు.

అన్నిటికన్నా పెద్ద విషయం పేరులోనే ఉంది. ఆ పత్రం ఎంపిక గురించే కాదు, రిఫరల్ గురించి కూడా. వెనక్కి పంపిన దాతను వైద్యం దొరికే చోటికి పంపడం ఆ మాటకు అర్థం. మా శిబిరంలో ఎంపిక జరిగింది, రిఫరల్ జరగలేదు. అక్కకు ఫలానా కారణమని రాసిన కాగితం లేదు. ఆ ముగ్గురికి ఇనుము మాత్రలు లేవు. పనికొచ్చే రక్తం పట్టుకుపోయారు, పనికిరాని మనుషుల్ని అక్కడే వదిలేశారు. ఇందులో మా తప్పు కూడా ఉంది. ఎన్ని యూనిట్లు వచ్చాయో లెక్క రాసి పేపరుకు ఇచ్చాం. ఎంతమంది తిరిగిపోయారో రాయలేదు. మా లెక్కలో కూడా వాళ్లు లేరు.

6

ఈ వాదం మీద మనలోనే ఒక సందేహం ఉంది. మిత్రులు కొందరు అడిగారు. అంటరానితనం మన గాయం, 17వ అధికరణం మన చెమటతో వచ్చింది, దాన్ని ప్రతి వివక్షకూ వాడుకుంటూ పోతే అసలు గాయం పలచబడదా అని. సందేహం నిజమైందే. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ 17వ అధికరణాన్ని కులానికే పరిమితం చెయ్యకూడదని, ముట్టు పేరుతో దూరం పెట్టడం కూడా దాని కిందికి వస్తుందని రాసినప్పుడు ఈ చర్చ గట్టిగానే నడిచింది.

హిజ్రాలు, మనం ఒకటేనని మేము అనడం లేదు. హిజ్రాలలో దళితులున్నారు, కానివాళ్లున్నారు, వాళ్లలో వాళ్లకీ కులం ఉంది. దళితవాడలో హిజ్రాను రాళ్లతో కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. మేమనేది ఒక్కటే. గడువు లేని మైల అనే ఆయుధం ఎవరి మీద ఎత్తినా దాని రూపురేఖలు గుర్తుపట్టగలిగే అనుభవం మనకుంది. గుర్తుపట్టి కూడా మాట్లాడకపోతే మన అనుభవం మన గోడల మధ్యే ఉండిపోతుంది. 2014 నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు సమాన పౌరసత్వం ఉందని సుప్రీంకోర్టు చెప్పిన మూడేళ్లకు ఈ మార్గదర్శకాలు వచ్చాయి. తీర్పు వచ్చాక కూడా పాత అలవాటు కొత్త కాగితంలో ఎలా దూరుతుందో రాజ్యాంగం వచ్చిన తర్వాతి కథంతా మనకు తెలుసు.

తర్వాతి ఏడాది పోస్టరు రాయడానికి కూర్చున్నప్పుడు అక్కను మళ్లీ పిలిచాం. రాదేమో అనుకున్నాం. వచ్చింది. "పోస్టర్లు నేనే అంటిస్తాలే తమ్ముడూ. కింద 'అందరూ ఆహ్వానితులే' అని మాత్రం రాయొద్దు" అంది. ఆ మాట తీసేశాం.

ఆ మాట మళ్లీ రాయగలగాలంటే కావాల్సినవి ఇవి. దాతలందరికీ ఒకే ప్రశ్నాపత్రం, చేసిన పని మీద, గడువుతో. ప్రతి రక్తనిధిలో న్యాట్ పరీక్ష. వెనక్కి పంపిన ప్రతి మనిషికీ కారణం రాసిన చీటీ, పక్కకు పిలిచి చెప్పే మర్యాద, వైద్యానికి దారి. మొదటి రెండూ ఢిల్లీలో తేలాలి. మూడోది రేపటి శిబిరంలోనే మన చేతుల్లో ఉంది. ఏప్రిల్ 14న శిబిరం పెట్టే మిత్రులంతా రక్తనిధివాళ్లతో ముందే ఈ షరతు మాట్లాడండి. రక్తం తీసే బల్ల పక్కన ఇంకో బల్ల వెయ్యండి, తిరిగిపోయేవాళ్ల కోసం. సాయంత్రం సభలో యూనిట్ల లెక్కతోబాటు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల లెక్క కూడా చదవండి.